ఏజెన్సీకి రీసెర్చ్‌కి వచ్చే డాక్టర్లకి, పీహెచ్‌డీ పిల్లలకి మీ దుబాసీ రాసే ఉత్తరం

సార్లకి, మేడమ్‌లకి నమస్కారం.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు గానీ పేరు గుర్తుండదు. భద్రాచలంలో బండి ఎక్కితే డ్రైవర్ పక్కన కూర్చుని దారి చెప్పేవాడిని, వాగు దగ్గర బండి ఆగిపోతే మీ బరువు మిషను, రక్తం చూసే మిషను నెత్తిన పెట్టుకుని అవతలి గట్టుకి చేర్చేవాడిని, మీరు ఇంగ్లీషు కాగితం చూసి తెలుగులో అడిగింది కోయలో అడిగి, వాళ్లు కోయలో చెప్పింది మళ్లీ తెలుగు చేసి మీ చెవిన వేసేవాడిని. మీ రిపోర్టు చివర్లో ఫీల్డ్ స్టాఫ్‌కి కృతజ్ఞతలు అని ఒక లైను ఉంటుంది చూడండి, ఆ లైన్లో ఉండేది నేనే. పదకొండేళ్ల నుంచి ఇదే పని, మధ్యలో కొన్నాళ్లు ఉపాధి హామీలో మేట్‌గా చేశా, మళ్లీ మీ దగ్గరకే వచ్చా, ఎందుకంటే రోజుకి ఆరేడు వందలు మా వైపు ఇంకెవరూ ఇవ్వరు, ఇందులో దాచేదేముంది.

ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన సంక్రాంతి దాటాక ఒక టీమ్‌తో ఒక గూడేనికి పోయా, ఊరి పేరు, టీమ్ పేరు వద్దులెండి. ఇప్పచెట్టు కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నాం, ఆడవాళ్లు లైన్లో కూర్చున్నారు, ఒక్కొక్కరి వేలు స్పిరిట్‌తో తుడవడం, గుచ్చడం, చుక్క తీయడం, మిషన్లో నంబర్ చూసి ట్యాబ్‌లో కొట్టడం, అంతా చకచకా నడుస్తోంది. ఒక అవ్వ వంతు వచ్చింది. వేలు ఇవ్వలేదు. చెయ్యి కొంగులో దాచుకుని నా మొహం వంకే చూసి కోయలో అడిగింది, మూడేళ్ల కింద నువ్వే గదా వచ్చింది, ఇట్లాగే గుచ్చి మా అందరి రక్తం పట్టుకుపోయారు, అదేమైంది, నాకు రక్తం ఉందన్నారా లేదన్నారా, చెప్పకుండా మళ్లీ వచ్చారేంటి అని. మేడమ్ నన్ను అడిగింది, ఏమంటోంది అని. నేను, సూదంటే భయపడుతోంది మేడమ్, అన్నా.

మేడమ్ నవ్వి, భయం లేదని చెప్పండి, చీమ కుట్టినట్టు ఉంటుందంతే అంది. నేనేదో సర్దిచెప్పి వేలు ఇప్పించా. ట్యాబ్‌లో నంబర్ పడింది, తర్వాతి మనిషి వచ్చింది. ఆ రాత్రి భద్రాచలం బస్టాండ్ దగ్గర టీ తాగుతుంటే ఆ అవ్వ మొహమే కళ్లముందు. ఆమె అడిగింది భయం ప్రశ్న కాదు, లెక్క ప్రశ్న. ఇచ్చినదానికి లెక్క అడిగింది. మీకూ ఆమెకీ మధ్య ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను, నేనే దాన్ని మింగేశా. ఎందుకంటే ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు, మీరు ఇబ్బంది పడతారు, మీరు ఇబ్బంది పడితే వచ్చేసారి నన్ను పిలవరు.

ఆ మూడేళ్ల కిందటి రక్తం ఏమైందో తర్వాత నేను వెతికా. అప్పటి టీమ్‌లో ఒక తమ్ముడి నంబర్ ఉంటే ఫోన్ చేశా, అన్నా అది పేపర్‌గా వచ్చింది అని లింక్ పంపాడు, చాలా సంతోషపడి నొక్కితే పైన నాలుగు లైన్లు చూపించి మిగతాది చదవాలంటే ముప్పై డాలర్ల పైనే కట్టమంది. మా గూడెం ఆడవాళ్ల రక్తం ఎంత తక్కువుందో మా గూడెం వాళ్లు తెలుసుకోవాలంటే నా నాలుగైదు రోజుల కూలీ అమెరికా లెక్కలో కట్టాలన్నమాట.

రీసెర్చ్ అంటేనే మోసం అనేవాళ్లలో నేను లేను. ఉంటే ఈ పని చేయను. చేయాల్సిన తీరులో చేస్తే ఏమవుతుందో మాకు పెద్ద దూరం లేని చోటే జరిగింది. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే అవతల సిరోంచ, అది గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర అని పేరేగానీ అక్కడ బజార్లో తెలుగే వినపడుతుంది, మా చుట్టాలు కూడా ఉన్నారు. ఆ జిల్లాకి 1986లో ఇద్దరు డాక్టర్లు వచ్చారు, భార్యాభర్తలు, అభయ్ బంగ్, రాణి బంగ్. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ చదివి వచ్చి, సెర్చ్ అని సంస్థ పెట్టి గోండుల మధ్యనే కాపురం పెట్టారు. మీలో పబ్లిక్ హెల్త్ చదివిన ప్రతివాళ్లకీ ఈ పేర్లు తెలుసు, క్లాసులో చెప్పే ఉంటారు. నేనైతే బండ్లో మీరు మాట్లాడుకుంటుంటే విని తర్వాత వెతుక్కుని చదివినవాడిని.

వాళ్లు కూడా మొదట మీలాగే మొదలుపెట్టారు, అదే నాకు నచ్చిన సంగతి. సికిల్ సెల్ అని తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు మీద సర్వే చేశారు, రక్తాలు తీశారు, జిల్లాలో ఆ జబ్బు ఉందని తేల్చారు. తర్వాత అభయ్ బంగే ఒప్పుకున్నాడు, అది డాక్టర్లుగా మాకు ఆసక్తి ఉన్న విషయం, జనం మమ్మల్ని అడిగింది అది కాదు అని. ఆ ఒప్పుకోలు తర్వాతే అసలు పని మొదలైంది. జనాన్ని కూర్చోబెట్టి మీ బాధలేంటి అని అడగడం పెట్టుకున్నారు. పెద్దాస్పత్రికి ఎందుకు రారు అంటే గోండులు చెప్పిన కారణాలు ఏ ప్రశ్నాపత్రంలోనూ ఆప్షన్లుగా ఉండవు. అంత పెద్ద బిల్డింగులో దారి తప్పిపోతామన్నారు, వెంట వచ్చినవాళ్లు ఉండటానికి చోటు లేదన్నారు, డాక్టర్లూ నర్సులూ తెల్లబట్టలు కట్టుకుంటారు, మేం శవానికి కప్పేది తెల్లబట్ట, చచ్చినవాళ్ల బట్ట కట్టుకున్నవాళ్లు మమ్మల్ని ఎట్లా బతికిస్తారు అన్నారు. అది విని ఆస్పత్రిని గోండు గుడిసెల్లాగా కట్టి, వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. మా దగ్గరైతే ఇలాంటి మాట ఎవరైనా చెప్తే, దుబాసీ దాన్ని "అవగాహన లోపం" అనే ఆప్షన్ కింద టిక్కు పెట్టమంటాడు. పెట్టమన్నా, నిజంగా, ఒకసారి కాదు.

రాణి మేడమ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లని పరీక్ష చేసి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది, నూటికి 92 మందికి ఏదో ఒక ఆడ జబ్బు ఉందని, అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందేనని. అప్పటిదాకా పల్లెటూరి ఆడదాని ఆరోగ్యం అంటే సర్కారు లెక్కలో కాన్పు, ఆపరేషన్, అంతే. తెల్లబట్ట, ఎర్రబట్ట, నడుం నొప్పి, ఇవన్నీ చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడి మోసుకు తిరిగేవే. ఆ రెండు ఊళ్ల ఆడవాళ్లు చెప్పుకున్నందుకే ప్రపంచానికి తెలిసింది.

ఇంకోటి చెప్పకపోతే నాకు తోచదు. చిన్నపిల్లలు నిమ్ము చేసి చనిపోతుంటారు, మా వైపు డొక్కలు ఎగరేస్తున్నాడు అంటాం. నిమోనియా అవునా కాదా తెలియాలంటే ఒక నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి, రెండు నెలల లోపు బిడ్డకి 60 దాటితే ప్రమాదం, రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకి 50. డాక్టర్‌కి ఇది పెద్ద పనేం కాదు. కానీ ఊళ్లో బిడ్డ పక్కన ఉండేది చదువురాని మంత్రసాని, ఆమెకి లెక్క పది పన్నెండు దాకా వస్తే గొప్ప. ఇక్కడ మనవాళ్లయితే ఏం చేస్తాం? మంత్రసానులకు సామర్థ్యం లేదు అని రిపోర్ట్ రాసి, శిక్షణ అవసరం అని రికమెండేషన్ పెట్టి, బండెక్కుతాం. బంగ్ దంపతులేం చేశారంటే ఒక చెక్క మీద పూసలు గుచ్చి, పక్కన ఒక నిమిషం పట్టే ఇసుక గడియారం పెట్టారు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. పది లెక్కపెట్టడం అందరికీ వచ్చు. ఇసుక అయిపోయేలోపు ఆకుపచ్చ పూసలన్నీ దాటి ఎర్రపూస కదిలిందా, బిడ్డకి నిమోనియా, మందు మొదలుపెట్టు. నేను దాని బొమ్మ ఫోన్లో చూసి చాలాసేపు అట్లాగే కూర్చున్నా. మా అమ్మమ్మ మంత్రసాని, చింతగింజలతో లెక్కపెట్టేది, కోళ్ల లెక్క, రోజుల లెక్క అన్నీ దాంతోనే. ఆమె చేతికి ఇలాంటిది ఎవరైనా ఇచ్చుంటే మా మామ ఒకడు బతికేవాడేమో. మంత్రసానులకి, ఊరి కార్యకర్తలకి ఇట్లా నేర్పి, మందు చేతికిచ్చి, ఊళ్లలో ఏం జరిగిందో 1990లో లాన్సెట్‌లో రాశారు, పిల్లల చావులు తగ్గాయని.

ఆ తర్వాత పుట్టినబిడ్డల మీద పడ్డారు. 39 ఊళ్లు తీసుకుని, ఊరికొక ఆడమనిషిని, ఐదు నుంచి పది దాకా చదివినవాళ్లని ఎంచి, బిడ్డని తూచడం, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఊపిరాడని బిడ్డకి గాలి అందించడం, ఒంట్లో సెప్సిస్ అనే ఇన్ఫెక్షన్ పాకిందని తెలిస్తే జెంటామైసిన్ సూది ఇంట్లోనే వేయడం, అన్నీ నేర్పారు. పల్లెటూరి ఆడదాని చేతికి సూది ఇస్తారా అని పెద్ద డాక్టర్లు గగ్గోలు పెట్టారట, పెట్టరా మరి. 1999లో లెక్క బయటికొచ్చింది, అంతకుముందు వెయ్యి మంది పుడితే నెల లోపే 62 మంది పోయేవాళ్లు, అది 25 దగ్గరకి దిగింది. 2011లో మన దేశం మొత్తం ఆశ వర్కర్ల పనిలో దీన్ని పెట్టేశారు, సూది మాత్రం ఆశ చేతికి రాలేదు గానీ, ఇంటికి పోయి బిడ్డని చూడటం వచ్చింది. ఆస్పత్రి కాన్పయితే ఆరుసార్లు, ఇంటి కాన్పయితే ఏడుసార్లు.

మా వదిన ఆశ వర్కర్. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు, ఈ రోజుల లెక్క ఆమెకి నోటికి వచ్చు, మా పిల్లల పుట్టినరోజులు మర్చిపోతుంది గానీ ఇది మర్చిపోదు. సంచిలో ఉయ్యాల త్రాసు, థర్మామీటర్, పాత నోకియా ఫోన్, అందులో నిమిషం చూసుకుంటూ బిడ్డ పొట్ట ఎగసిపడటం లెక్కపెడుతుంది. అన్నిసార్లూ పోతే 250 రూపాయలు. గడ్చిరోలి పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. వదినా నువ్వు చేసే పని ఆ గోదావరి అవతలి పల్లె ఆడవాళ్లు ముందు చేసి చూపించిందే అని చెప్తే, అవునా, మరి వాళ్లకి డబ్బులు టైముకి పడతాయా అని అడిగింది.

నేను ఆ బంగ్ దంపతులకి దండం పెట్టి ఫొటో పెట్టుకునే రకం కాదు. గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది, దాని వెనక ఈ దంపతుల పోరాటం ఉంది, ఇప్పసారా లేకుండా పండగ చేయని మావాళ్లకి ఆ మాట చెప్తే ఎంతమంది ఒప్పుకుంటారో నాకు డౌటే. ఆడవాళ్లు ఒప్పుకుంటారు అనుకోండి, అది వేరే ఉత్తరం. నా పాయింట్ ఏంటంటే, వాళ్ల రీసెర్చ్ అయిపోయాక ఊళ్లో ఏదో మిగిలింది. సూది వేయగలిగే ఒక చెయ్యి మిగిలింది, పూసల చెక్క మిగిలింది. మన సర్వే అయిపోయాక మిగిలేది స్పిరిట్ దూది, ఖాళీ బిస్కెట్ కవర్లు.

ఇప్పుడు మీ ప్రశ్నల సంగతి కూడా కొంచెం మాట్లాడుకుందాం, పదకొండేళ్లు అడిగినవాడిగా ఆ హక్కు ఉందనుకుంటా. సబ్‌సెంటర్ సేవల పట్ల మీరు చాలా సంతృప్తి, సంతృప్తి, ఏదీ కాదు, అసంతృప్తి, చాలా అసంతృప్తి, ఇందులో ఏది? ఇది కోయలో ఎట్లా అడగాలో నాకు ఈరోజుకీ తెలియదు. ఒక పెద్దమ్మని అడిగితే, సూది వేసింది, జ్వరం తగ్గింది, ఆలస్యంగా వచ్చానని తిట్టింది కూడా, ఇందులో నీకు ఏది కావాలో అది రాసుకో నాయనా అంది. నేను "సంతృప్తి" కొట్టా. గత ముప్పై రోజుల్లో అని మీరంటారు, మావాళ్లు సంతల లెక్కలో చెప్తారు, మూడు సంతల కిందటి జ్వరం అంటారు, దాన్ని రోజులు చేసేది నేనే. నిన్న ఏం తిన్నారు అంటే అన్నం, చారు అంటారు. అడవి దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులు చెప్పరు, ఎందుకంటే ప్యాంటు వేసుకున్నవాళ్ల ముందు అవి తిండి అని చెప్పుకోవడం నామోషీ, అదీగాక మీ లిస్టులో ఆ పేర్లకి గడి ఉండదు.

అన్నిటికంటే పెద్దది కాలం. మీరు నవంబర్ నుంచి మార్చి లోపు వస్తారు. వానాకాలం రారు, వాగులు పొంగుతాయి, బండి పోదు, ఇన్సూరెన్స్ ఉండదు, మీ తప్పు అనను. కానీ మాకు చలిజ్వరం వచ్చేది వానాకాలమే, కిందటేడు గింజలు అయిపోయి కొత్త పంట రాక కడుపు కాలేది వానాకాలమే, నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి మోసేది ఎక్కువగా అప్పుడే. మీరొచ్చే టైముకి వడ్లు ఇంటికొచ్చి ఉంటాయి, పిల్లల బుగ్గలు కొంచెం నిండి ఉంటాయి. మీ డేటాలో మా ఊళ్లకి వానాకాలమే లేదు సార్.

ఒళ్లు అప్పగించినవాళ్లకి లెక్క చెప్పకపోతే ఏమవుతుందో కూడా దూరంగా వెతకక్కర్లేదు. మా పాత ఖమ్మం జిల్లాలోనే 2009లో, అప్పుడు ఉమ్మడి రాష్ట్రం, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్ అని నడిపారు, పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మంది. చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలు, అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో ఉంటారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో తేలింది, నేను దాన్ని కాదనను, ఆ టీకా మంచిదే, మా అన్న కూతురికి వేయించండి అని నేనే చెప్తా. కానీ 2013లో పార్లమెంట్ కమిటీ రిపోర్ట్ ఇచ్చింది, అందులో సమ్మతి కాగితాల లెక్క ఉంది. చూసిన 9,543 కాగితాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ సంతకాలు. బిడ్డ ఒంట్లోకి ఏం పోతోందో తల్లికి చెప్పకుండా వార్డెన్ సంతకం పెడితే సరిపోయింది. దాని ఫలితం మీరు అనుభవిస్తున్నారు, నేనూ అనుభవిస్తున్నా. ఆ తర్వాత ఎన్ని గూడేల్లో మామూలు పోలియో చుక్కలకి, మీజిల్స్ సూదికి కూడా, ఇది ఆ టీకా కాదు గదా అని నన్ను అడిగారో. ఒక మంచి టీకా మీద అనుమానం పుట్టించింది టీకా కాదు, ఆ సంతకం.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అని ఒక తెగ ఉంది. వాళ్ల ఊరికి రోడ్డు లేదు, నడిచో గుర్రం మీదో హెలికాప్టర్లోనో పోవాలి, మా కొండ గూడేలకి హెలికాప్టర్ ఒక్కటే తక్కువ. షుగర్ జబ్బు ఎక్కువైందని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి రక్తం తీసుకున్నారు. 2003లో ఆ తెగ మనిషే ఒకామె యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ ప్రెజెంటేషన్‌కి పోయి కూర్చుంటే, తెర మీద తమవాళ్ల రక్తం. షుగర్ కోసం ఇచ్చిన రక్తం మీద వేరే రీసెర్చ్. మతిస్థిమితం తప్పే జబ్బు మీద, వీళ్ల పూర్వీకులు ఎక్కణ్నించి వచ్చారన్నదాని మీద. వీళ్లేమో మేం ఈ లోయలోనే పుట్టాం అని నమ్మేవాళ్లు. కోర్టుకి పోయారు, 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు కట్టి మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. ఫ్రీజర్లో ఉన్న రక్తాన్ని తీసుకుని ఆ తెగవాళ్లు సొంతూరికి తెచ్చుకున్నారు. ఆ అవ్వ అడిగిందీ అదే ప్రశ్న కదా, నా రక్తం ఏమైంది అని. ఆ అమెరికా తెగకి కోర్టుదాకా పోగలిగిన మనిషి దొరికింది. మా అవ్వకి నేను దొరికా.

ఇప్పుడు కేంద్రం సికిల్ సెల్ మిషన్ అనే కార్యక్రమం నడుపుతోంది, 2023 జులై 1న మొదలైంది, దేశంలో 7 కోట్ల మందిని పరీక్ష చేస్తామని, 2047కల్లా లేకుండా చేస్తామని. మంచిదే, అవసరమైందే. కార్డులు కూడా ఇస్తున్నారు. ఒక ఇంట్లో చూశా, కార్డు దేవుడి పటం వెనక దోపి ఉంది, రేషన్ కార్డు లాంటిదనుకున్నారు, దాన్ని చూపిస్తే ఏమైనా ఇస్తారా అని అడిగారు. తీసి చూస్తే ఆ పిల్లవాడు క్యారియర్. క్యారియర్ అంటే జబ్బు లేదు, ఇంకో క్యారియర్‌ని పెళ్లి చేసుకుంటే పుట్టే ఒక్కో బిడ్డకి ఆ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగోవంతు అని విడమర్చి చెప్పడానికి నాకు గంట పట్టింది, మధ్యలో రెండుసార్లు టీ పెట్టారు. ఆ గంట ఏ ప్రాజెక్ట్ బడ్జెట్లోనూ ఉండదు. టెస్ట్‌కి డబ్బులుంటాయి, కార్డుకి డబ్బులుంటాయి, ఆ గంటకి ఉండవు. చెప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుసా, వీడి రక్తంలో దోషం ఉందట అని ఊళ్లో పాకుతుంది, ఆ తర్వాత పిల్లని ఎవరిస్తారు.

నేను అడిగేది కొత్తదేమీ కాదు, మీ ఐసీఎంఆర్ 2017లో వేసిన ఎథిక్స్ రూల్స్ పుస్తకంలోనే ఉంది. గిరిజనుల మీద రీసెర్చ్ చేస్తే అది గిరిజనులకి పనికొచ్చేదై ఉండాలని, ఊరి పెద్దలతో మాట్లాడి, వాళ్ల భాష తెలిసిన మనిషి ద్వారా సమ్మతి తీసుకోవాలని రాసుంది. ఆ భాష తెలిసిన మనిషిని నేనే. నాకు మీరిచ్చే ట్రైనింగ్ ఒక పూట, అందులో సగం ట్యాబ్ ఎట్లా ఆన్ చేయాలో. సమ్మతి కాగితం నాలుగు పేజీలు, ఇంటికి ఇరవై నిమిషాల కంటే ఎక్కువ పట్టకూడదని టార్గెట్, రోజుకి పన్నెండు ఇళ్లు. నాలుగు పేజీలూ చదివితే పన్నెండు ఇళ్లు అవుతాయా? అవవు. అందుకని నేను, "దవాఖానా నుంచి వచ్చారు, రక్తం చూస్తారంట, వేలిముద్ర వెయ్యి" అని మూడు ముక్కల్లో తేల్చేస్తా. ఎన్ని వందలమందితో అట్లా వేయించానో. వార్డెన్లని అని ఏం లాభం.

దేశంలో 10 కోట్ల 40 లక్షల మంది ఆదివాసీలు, 2011 లెక్క. వాళ్ల ఆరోగ్యం మీద కేంద్రం 2013లో వేసిన కమిటీకి కూడా ఆ అభయ్ బంగ్ సారే ఛైర్మన్, 2018లో రిపోర్ట్ వచ్చింది, ఆదివాసీల ఆరోగ్యం గురించి విడిగా సరైన లెక్కలే లేవని అందులోనే మొత్తుకున్నారు. అంటే మీరు రావాలి, రావద్దని ఎవరూ అనట్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల చావులు దేశం మొత్తానికి వెయ్యికి 41.9 అయితే ఎస్టీల్లో 50.3. ఈ తేడా ఎందుకో కనుక్కోవాలంటే ఎవరో ఒకరు వచ్చి లెక్కపెట్టాల్సిందే. లెక్కపెట్టాక ఇంకోసారి రండి అంటున్నా, అంతే. బడ్జెట్ రాసేటప్పుడే రెండో ప్రయాణానికి డీజిల్ డబ్బులు రాయండి, వానాకాలంలో ఒకసారి రావడానికి నాలుగు రోజులు రాయండి, బండి పోని చోటికి నేను నడిపించుకుపోతా. రక్తం తక్కువ ఉన్న మనిషి పేరు సాయంత్రం లోపు ఏఎన్ఎం అక్క చేతికి ఇచ్చి పొండి, ఆ నంబర్ జర్నల్‌కి పోయేలోపు ఐరన్ మాత్ర ఆమెకి పోవాలి. మాత్రలు స్టాకు లేకపోతే అదీ రాయండి మీ పేపర్లో, "వనరుల కొరత" అని కాకుండా, ఫలానా నెలలో మాత్రల్లేవు అని.

చైత్రం దాటితే మళ్లీ ఎండలు, మీ సీజన్ అయిపోతుంది. ఈలోపు ఒక టీమ్ అదే గూడేనికి ఫాలోఅప్‌కి వస్తోందని నాకు ఫోన్ వచ్చింది, అన్నా రెడీగా ఉండు అన్నారు. వస్తా. కానీ ఆ పాత రిపోర్ట్‌ని రెండు పేజీల తెలుగులో రాసి పట్టుకురండి, ఇంగ్లీషు మాటలు వద్దు, ఎంతమందికి రక్తం తక్కువ, ఎందుకు తక్కువ, ఏం చేయాలి, అంతే. ఇప్పచెట్టు కింద కుర్చీలు వేశాక ముందు అది కోయలో చదివి వినిపిస్తా, స్పిరిట్ సీసా మూత ఆ తర్వాత తీద్దాం. ఆ అవ్వ వస్తుంది, ముందు వరసలోనే కూర్చుంటుంది, ఏదో అడుగుతుంది. మేడమ్ నా వైపు తిరిగి ఏమంటోంది అంటుంది. ఈసారి అవ్వ ఏమంటే అదే చెప్తా.

ఇట్లు,
మీ ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్,
భద్రాచలం ఏజెన్సీ